సాఫ్ట్‌వేరు స్వామ్యము – కొన్నవాని హక్కు

సాఫ్ట్‌వేరునకు నకలు తీయుట యంతయు చౌర్యమే యనువారు కొందఱు. ఒకరు కొన్న ప్రోగ్రామును పదిమందికి పంచిపెట్టుట పరోపకారమే యనువారు మఱికొందఱు. ఈ రెండు పక్షములవారును చట్టమును చదువక మాటలాడుచున్నారని మా యభిప్రాయము.

రెండవ పక్షమువారితో మాకు పెద్ద వ్యాజ్యము లేదు. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము, 1984లో సవరింపబడినది మొదలు, కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతులలో చేర్చినది. దొంగప్రతియని యెఱిగియు వాడుట శిక్షార్హమైన నేరము. బిడ్డలకు సత్యము పలుకుమని బోధించు గృహస్థుడు ఇంటిలోని కంప్యూటరునందు దొంగప్రతి నుంచుకొని, అందఱును చేయుచున్నదే గదా యనుట సిగ్గుమాలిన పని.

మొదటి పక్షమువారు పెద్దమనుష్యులగుటచే వారి మాటకు చెల్లుబాటు హెచ్చు. కొన్నవాడు వాడుకొనవలసినదే గాని విప్పి చూడరాదట, మార్చరాదట, లోపలి మర్మ మెట్టిదని యడుగనైన రాదట! ఈ నిషేధము లెక్కడివి? ప్రోగ్రామును కంప్యూటరులో నెక్కించునపుడు ఎవరును చదువక ‘సమ్మతము’ అని నొక్కెడి పత్రములోనివి. చట్టముయొక్క 52వ సెక్షను వేఱుగా చెప్పుచున్నది. న్యాయముగా ప్రతిని సంపాదించినవాడు, అది చెడిపోవునను భయమున, మాఱుప్రతి తీసి యుంచుకొనవచ్చును. వ్యాపారమునకు గాక స్వంతమునకై నకలు తీయవచ్చును, మార్చుకొనవచ్చును. అది పనిచేయు తీరును పరిశీలించి మూలసూత్రములను గ్రహింపవచ్చును. తాను స్వతంత్రముగా రచించిన ప్రోగ్రాము దానితో కలిసి పనిచేయుటకు కావలసిన సమాచారము వేఱొకచోట సులభముగ దొరకనపుడు, దానిని రాబట్టుకొనవచ్చును.

ఇందువలన తెలుగువారి కేమి యని యడుగుదురేమో. యూనికోడ్ పట్టికలో తెలుగునకు 1991లోనే స్థానము లభించినను, మన ముద్రణాలయములు చిరకాలము వేర్వేఱు సంస్థల ఫాంటులతోనే పని జరుపుకొనినవి. తలకట్టునకు, గుడికి, ఒత్తునకు ఒక్కొక్క సంస్థ తన యిచ్చవచ్చిన సంఖ్య నిచ్చినది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ పుటను తెఱచినచో తెలుగునకు బదులు అర్థములేని ఆంగ్లాక్షరములు కానవచ్చును. తెలుగుమాటను పెట్టి వెదకిన దొరకదు. అంధులకు చదివి వినిపించు సాధనమునకు అందదు. కథ రచయితది, ఖర్చు ప్రకాశకునిది. చదువుటకు మాత్రము సంకేతమెఱిగిన సంస్థ దయ కావలెను. ఆ సంస్థ మూతపడినచో? ప్రోగ్రాము పాతబడుటకు పదియేండ్లు చాలును. దాని స్వామ్యమో, కర్త గతించిన పిదప 60 సంవత్సరములు నిలుచును! ఆ సంఖ్యల వరుసను కనిపెట్టి, పాతపుటలను యూనికోడులోనికి మార్చు సాధనమును రచించువానిని దొంగయనుట అన్యాయము. స్వామ్యము మాటల కూర్పునకే గాని భావమునకు లేదు. అమెరికాలో జావా కూర్పునుండి సుమారు 11,500 పంక్తులను గూగుల్ సంస్థ గ్రహింపగా ఒరాకిల్ సంస్థ వ్యాజ్యము తెచ్చినది. అది న్యాయమైన వినియోగమే యని అచ్చటి సుప్రీముకోర్టు 2021లో తీర్పు చెప్పినది. పంక్తులనే గ్రహించినవారికి అంత యూఱట కలుగగా, సంఖ్యలను మాత్రము తెలిసికొనినవానికి శిక్షయా?

మూలమును గైకొని పెంచుట మనకు క్రొత్త గాదు. నన్నయ విడిచిన భారతమును తిక్కన, ఎఱ్ఱన పూరించిరి. (గ్రంథస్వామ్యము పుట్టని కాల మందురేమో, ఒప్పుకొందుము.) ఈ కాలమున ఆ పని సాగుటకు స్వామ్యమునే సాధనముగా చేసినవాడు రిచర్డ్ స్టాల్‌మన్. 1989లో ఆయన వెలువరించిన జీపీఎల్ లైసెన్సు ప్రకారము ఎవరైనను మూలమును చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. మార్చినదానిని పంచునపుడు మాత్రము, ఆ మార్చిన మూలమును గూడ అవే షరతులతో ఇయ్యవలెను. ఉచితముగా వచ్చినదే గదా యని ఇట్టి కృతిని తెచ్చి, నాలుగు తెలుగుమాటలు చేర్చి, మూలమును దాచి అమ్ముకొనువారు దొంగప్రతులు వాడువారికంటె ఏ విధమున మేలు? వారు దోచునది ధనవంతుల సొత్తు. వీరు దోచునది పదిమంది ధారపోసిన శ్రమ.

స్వామ్యకాలమును ప్రోగ్రాములవఱకైన తగ్గింపుడని శాసనసభ్యుల నడుగవలసినది మన పార్లమెంటునందు. అది జరుగులోపల రచయితలు చేయదగిన పని యొకటి కలదు. ప్రకాశకునితో ఒడంబడిక వ్రాసికొనునపుడు, అచ్చయిన పుస్తకముతోపాటు పాఠమును యూనికోడులో తమ చేతికియ్యవలెనని ఒక వాక్యము చేర్చవలెను. అందుకు సమ్మతింపని ప్రకాశకుని, మీ పుటల తాళముచెవి యెవరియొద్ద నున్నదని యడుగవలెను.