రౌతు కొద్దీ గుర్రం!

హాల్లో లైట్లు ఆరిపోతాయి. తెరమీద దూరంగా దుమ్ము లేస్తుంది. టకటక టకటక.... డెక్కల చప్పుడు! ఆ దుమ్ములోంచి గుర్రం మీద హీరోగారు దూసుకొస్తారు. ఇక చెప్పాలా? ఈలలు, చప్పట్లు, కాగితం ముక్కల వర్షం. ముందు బెంచీ కుర్రకారు ఓ క్షణం తమ కుర్చీనే గుర్రమనుకుంటారు.

కాంతారావుగారి జానపదాల కాలం నుంచీ ఇదే వరస. 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు'తో కృష్ణగారు టోపీ పెట్టి కౌబాయ్ అయ్యారు. 1990లో 'కొదమసింహం'తో చిరంజీవి అదే బాట పట్టారు. 2009లో 'మగధీర'లో ఆయన కొడుకు రామ్‌చరణ్ వంతు వచ్చింది. తరాలు మారాయి, కెమెరాలు మారాయి. గుర్రాన్ని చూడగానే పడే ఈల మాత్రం మారలేదు.

అయితే ఒక్క సంగతి గమనించారా? ఏ హీరో గుర్రమెక్కడం నేర్చుకుంటూ కనిపించడు. ఎక్కుతాడు, పోతాడు, అంతే! నడుమ జరిగే భాగోతాన్ని ఎడిటరుగారు కత్తిరించడం కూడా ఉండదు. అసలు దాన్ని తీసేవాళ్ళే లేరు కదా! ఎవరూ తీయని ఆ రీలు సంగతే ఈ వారం కబురు.

మా అక్క కొడుకొకడున్నాడు. డిగ్రీ అయింది. డాన్సు నేర్చాడు, కర్రసాము నేర్చాడు. కృష్ణానగర్‌లో గది తీసుకుని రెండేళ్ళుగా సినిమా ఆఫీసుల మెట్లు ఎక్కుతూ దిగుతున్నాడు. ఓ రోజు తెల్లారకుండానే మా ఇంటికొచ్చి, కాఫీ కూడా ముట్టుకోకుండా అడిగాడు.

"మావయ్యా, గుర్రపుస్వారీ నేర్పేవాళ్ళు నీకు తెలుసా?"

"తెలుసు. ఏం, పెళ్ళికొడుకు ఊరేగింపా?"

"పరాచికాలొద్దు మావయ్యా! దళపతి వేషం. రెండు డైలాగులున్నాయి. గుర్రం వచ్చా అని మేనేజరు అడిగాడు. వచ్చన్నాను."

"వచ్చా?"

"రాదు."

"మరి వచ్చని ఎందుకన్నావురా?"

"రాదంటే నా వెనకవాణ్ణి పిలుస్తాడు మావయ్యా!"

వాడి మాటలో అబద్ధం లేదు. అదే వచ్చిన చిక్కు. షూటింగుకి ఇంకా పన్నెండు రోజులుంది.

మర్నాడు పొద్దున్నే ఊరి చివరనున్న ఓ గుర్రపుశాలకి తీసుకెళ్ళాను. పదేళ్ళ కిందట నేను కూడా ఓ రెండు నెలలపాటు నడుం నొప్పి తెచ్చుకున్నది అక్కడే. మాస్టారికి అరవై దాటాయి. చిన్నతనమంతా రేసు గుర్రాలని తెల్లవారుజామున తిప్పిన మనిషి. మావాడు కొత్త జీన్సు, నల్లకళ్ళద్దాలు, కాళ్ళకి లావుపాటి స్పోర్ట్సు బూట్లతో దిగాడు. మాస్టారు మొహం చూడలేదు, కాళ్ళు చూశారు.

"ఈ బూట్లతో ఎక్కనివ్వను బాబూ! మడమ దగ్గర అరంగుళం ఎత్తుండాలి. అది లేకపోతే పాదం రికాబులోంచి అవతలికి జారిపోతుంది. పడ్డావంటే కాలు అందులోనే ఇరుక్కుంటుంది. నువ్వు కింద, గుర్రం పరుగులో. అర్థమైందా?"

అర్థమైంది. మావాడి మొహంలో రంగు తగ్గింది.

ఆ రోజు ఎక్కడం లేదు. బ్రష్షు చేతికిచ్చి గుర్రానికి మాలీసు చెయ్యమన్నారు. దాని పేరు రాణి. పదహారేళ్ళ గోధుమరంగు ఆడగుర్రం. ఒకప్పుడు పందేల్లో పరుగెత్తింది, ఇప్పుడు మనలాంటివాళ్ళకి బుద్ధి నేర్పుతోంది.

"నేను స్వారీకొచ్చాను మావయ్యా, ఒళ్ళు తోమడానిక్కాదు" అని నా చెవిలో గొణిగాడు. మాస్టారికి వినిపించింది.

"గుర్రానికి కళ్ళు రెండు పక్కలా ఉంటాయి బాబూ. ఇంచుమించు చుట్టూ అంతా కనిపిస్తుంది. తోక వెనకాల, సరిగ్గా నుదుటి ముందు మాత్రం కనిపించదు. అందుకే వెనకనుంచి చప్పుడు లేకుండా వచ్చినవాడికి తన్ను బహుమతి! ఎడమ భుజం దగ్గరికి మాట్లాడుతూ రావాలి. చెవులు చూస్తుండు. ముందుకి నిక్కితే నీ మాట వింటోంది. వెనక్కి అతుక్కుపోతే కోపమొచ్చింది. మాలీసు చేస్తే ఇవన్నీ తెలుస్తాయి. జీను కింద పుండు ఉందా, గిట్టలో రాయి ఇరుక్కుందా అన్నదీ తెలుస్తుంది. రేపు దాని వీపు మీద కూర్చునేది నువ్వే కదా?"

రెండో రోజు ఎక్కించారు. తలకి హెల్మెట్టు, గడ్డం కింద పట్టీ. మోటారుసైకిలుది తెస్తానన్నాడు మావాడు. అది పనికిరాదన్నారు మాస్టారు. స్వారీకి వేరే హెల్మెట్టుంది, అదే పెట్టాలి. పొట్ట కింద జీను పట్టీ ఓసారి బిగించి, ఎక్కేముందు మళ్ళీ బిగించారు. కొన్ని గుర్రాలు మొదటిసారి బిగించేటప్పుడు పొట్ట ఉబ్బిస్తాయట! ఆ తర్వాత గాలి వదిలేస్తాయి, జీను వదులైపోతుంది. మనవాళ్ళ తెలివితేటలు వాటికీ ఉన్నాయన్నమాట.

ఎడమ వైపు నుంచే ఎక్కాలి. పూర్వం రౌతులకి కత్తి ఎడమ నడుముకి వేలాడేది కనక, కుడి కాలు అవతలికి వెయ్యడం సుళువని ఆ అలవాటొచ్చిందంటారు. మావాడు సినిమా ఫక్కీలో ఒక్క గెంతు గెంతాడు. సగం దూరం వెళ్ళి, జీనుకి బస్తాలా వేలాడి, మళ్ళీ నేలకి దిగాడు. మూడోసారి ఎక్కాక కిందకి చూసి, "ఇంతెత్తుంటుందా!" అన్నాడు. అవును మరి. థియేటర్లో కూర్చుని చూస్తే అంతెత్తు తెలీదు.

తొలి పాఠం నడక. మాస్టారు పొడవాటి తాడు కట్టి, నడిమధ్య నిలబడి గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతారు. కళ్ళెం ఆయన చేతిలో లేదు, మనవాడి చేతిలోనూ లేదు. చేతులు రెండు పక్కలకీ చాచి కూర్చోవాలి. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే గీతలో ఉండాలి. మడమ కిందకి నొక్కాలి. "పగ్గాలెప్పుడిస్తారు?" అని మావాడు అడిగితే, "పగ్గాల చివర ఇనుప ముక్క దాని నోట్లో ఉంది బాబూ. నీకు కూర్చోవడం వచ్చేదాకా నువ్వు పట్టు తప్పినప్పుడల్లా దాని నోరు లాగేస్తావు" అన్నారు.

నాలుగో రోజు ట్రాట్. నడకలో నాలుగు అడుగులూ విడివిడిగా పడతాయి. ట్రాట్‌లో ఎదురు మూలల కాళ్ళు జంటగా పడతాయి, ఒకటి-రెండు, ఒకటి-రెండు. ఆ లెక్కకి తగ్గట్టు లేచి కూర్చోవాలి. లెక్క తప్పితే మనం దిగేటప్పుడు జీను పైకొస్తుంది! ఇక వెన్నుపూసకి తాళం వాయించినట్టే. మావాడు ఆ సాయంత్రం మా ఇంట్లో కుర్చీలో కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడే భోంచేశాడు. తొడల లోపలి కండరాలుంటాయని వాడికి ఆ రోజే తెలిసింది.

ఏడో రోజు పగ్గాలిచ్చారు. ఆ రోజే పడ్డాడు.

తప్పు గుర్రానిది కాదు. స్నేహితుడొకడొచ్చి ఫోనులో వీడియో తీస్తున్నాడు. ఇంకేం, మనవాడిలో దళపతి నిద్రలేచాడు. కాళ్ళతో పొమ్మని నొక్కాడు, కంగారులో చేతులతో ఆగమని లాగాడు. పాపం రాణి! ఏ మాట వింటుంది? గట్టి మాటే వింది, ఠక్కున ఆగింది. మనవాడు ఆగలేదు. భుజం మీదుగా ఇసకలోకి పోయాడు. లేచి నిలబడితే దెబ్బలేం లేవు గానీ, హెల్మెట్టు పక్కన ఇంత పొడుగు గీత పడింది. ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు మాట్లాడకుండా ఉండిపోయాడు. నేనూ మాట్లాడలేదు. మా అక్కకి ఏం చెప్పి ఉండేవాణ్ణి?

ఆ రాత్రి వాడికి క్రిస్టఫర్ రీవ్ సంగతి చెప్పాను. 1978లో 'సూపర్‌మ్యాన్'గా ఆకాశంలో ఎగిరిన నటుడు. 1985లో 'అన్నా కరెనినా' చిత్రం కోసం గుర్రపుస్వారీ నేర్చుకున్నాడు. ఇష్టం పెరిగి పోటీలకి వెళ్ళేవాడు. 1995లో అమెరికాలోని వర్జీనియాలో ఒక పోటీలో, అడ్డంకి ముందు గుర్రం ఠక్కున ఆగిపోయింది. ఆయన తలకిందులుగా పడ్డాడు, మెడ ఎముకలు విరిగాయి. అక్కణ్ణించి మెడ కిందిభాగం పనిచెయ్యలేదు. 2004లో పోయేదాకా చక్రాల కుర్చీలోనే ఉండి, తనలాంటి రోగుల కోసం పోరాడాడు. ఆయన కొత్తవాడు కాదు. ఆ రోజు హెల్మెట్టు కూడా ఉంది. అన్నీ సరిగ్గా చేసినా కొంత ప్రమాదం మిగిలే ఉంటుంది. అటువంటప్పుడు చేతిలో ఉన్న జాగ్రత్త కూడా వదిలేస్తే ఎలా?

పదో రోజు మావాడు బతిమాలాడు. "మాస్టారూ, ఒక్కసారి గ్యాలప్ చేయించండి. ఎల్లుండే షూటింగు. ఓ కర్రతో కొడితే అదే పోతుంది కదా?"

మాస్టారికి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "పోతుంది. ఆపడం నీకొచ్చా?" అన్నారు. కాసేపాగి తనే చెప్పారు: "రౌతు కొద్దీ గుర్రమంటారు పెద్దలు. రౌతు బలం కొద్దీ అనుకుంటారు అందరూ. కాదు బాబూ. నువ్వు భయపడితే అది భయపడుతుంది. నువ్వు తొందరపడితే అది బెదురుతుంది. నీలో ఏముందో దాని నడకలో కనిపిస్తుంది."

కెమెరా కోసం గుర్రాన్ని తొందరపెడితే ఏమవుతుందో సినిమా చరిత్రే చెబుతుంది. 1936లో హాలీవుడ్ 'ది ఛార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్' యుద్ధం సీను కోసం కాళ్ళకి తీగలు అడ్డం పెట్టి గుర్రాలని పడగొట్టారు. చాలా గుర్రాలు చచ్చిపోయాయి. 1939లో 'జెస్సీ జేమ్స్' కోసం కొండ అంచునుంచి నీళ్ళలోకి దూకించిన గుర్రం బతకలేదు. ఆ గొడవల తర్వాతే అక్కడ షూటింగుల మీద నిఘా మొదలైంది. మన దేశంలో 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. ఇప్పుడు సినిమాలో గుర్రం కనిపించాలంటే జంతు సంక్షేమ మండలి అనుమతి కావాలి. టైటిల్స్ ముందు వచ్చే ఆ కార్డుని మనం పాప్‌కార్న్ వెతుక్కుంటూ చదవం గానీ, దాని వెనక ఇంత కథ ఉంది.

ఆ సాయంత్రం మావాడు మేనేజరుకి ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"సార్, నాకు నడకా, ట్రాటూ వచ్చు. గ్యాలప్ రాదు. ముందు మీతో అబద్ధం చెప్పాను."

అవతలనుంచి ఓ నిమిషంపాటు తిట్లు. ఫోను పెట్టేశారు. వేషం పోయింది. 'నిజాయితీకి మెచ్చి పెద్ద వేషమిచ్చారు' అని రాస్తే మీకూ బావుంటుంది, నాకూ బావుంటుంది. కానీ అది సినిమా అవుతుంది. మావాడు ఆ రాత్రి భోంచెయ్యలేదు. రెండేళ్ళలో వాడికొచ్చిన మొదటి డైలాగులవి.

ఆ వచ్చిన ఆదివారం పొద్దున ఆరింటికి మాస్టారి దగ్గర్నుంచి నాకు ఫోను. "మీవాడొచ్చాడండీ!" అని. వెళ్ళి చూద్దును కదా, చేతిలో బ్రష్షుతో రాణి పక్కన నిలబడి ఏదో కబుర్లు చెబుతున్నాడు. జేబులో రెండు క్యారెట్లు. నల్లకళ్ళద్దాలు లేవు, కాళ్ళకి మడమ ఎత్తున్న బూట్లున్నాయి.

"ఇప్పుడే షూటింగు ఉందిరా?" అన్నాను.

"ఏదీ లేదు మావయ్యా. ఈసారి ఎవరైనా అడిగితే వచ్చని నిజంగా చెబుదామని" అన్నాడు.

మూడో నెలలో వాడు మొదటిసారి క్యాంటర్ చేశాడు. ఒకటి-రెండు-మూడు, ఉయ్యాల ఊగినట్టుండే పరుగు. దిగాక వాడి మొహం చూడాలి! ఏ శతదినోత్సవంలోనూ ఏ హీరో మొహంలోనూ నేనంత వెలుగు చూడలేదు. ఈల వెయ్యడానికి అక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను. వేశాను.

సరే, మీలో ఎవరికైనా సరదా పుడితే నాలుగు మాటలు. శాలకెళ్ళగానే ముందు గుర్రాలని చూడండి. డొక్కలు తేలి, వీపుమీద పుళ్ళుంటే వెనక్కి తిరిగి వచ్చేయండి. మీ బరువెంతో అడిగే మాస్టారు మంచి మాస్టారు. నాలుగువందల యాభై కిలోల గుర్రం మీద జీనుతో కలిపి తొంభై కిలోలు దాటకూడదన్నది మామూలు లెక్క. హెల్మెట్టు అక్కర్లేదనేవాడి దగ్గరా, మొదటి రోజే పరుగెత్తిస్తాననేవాడి దగ్గరా డబ్బు కట్టకండి. నిండు ప్యాంటు వేసుకోండి. పడితే సిగ్గుపడకండి. వెన్నులో గానీ మెడలో గానీ నొప్పుంటే మాత్రం లేవకుండా డాక్టరుని పిలిపించండి.

ఇక ఎవరైనా 'గుర్రం వచ్చా?' అని అడిగితే.... వచ్చినంత మటుకే వచ్చని చెప్పండి!