మంటపంలో మారుమ్రోత

కల్యాణమంటపాలు కట్టించేవారికి నున్నని రాయి అంటే మోజు, అద్దాలంటే మోజు, ఎత్తైన కప్పంటే మరీ మోజు. కంటికి పండుగే, కాదనము. చెవి సంగతి మాత్రం ఎవరూ అడగరు. అడగవలసిన పిల్లలు మన కుటుంబాలలోనే పెరుగుతున్నారు గనుక ఈ నెల ఆ మాట ఎత్తుకున్నాము.

పుట్టుచెవుడు గల పిల్లలకు లోచెవిలో కాక్లియర్ ఇంప్లాంటు అమర్చడం ఇప్పుడు వింత కాదు. ఆంధ్రలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఈ చికిత్సను కూడా చేర్చుకున్నది. పిల్లవాడు ఇంట్లో పిలిస్తే పలుకుతాడు, పాఠం అప్పజెబుతాడు. అదే పిల్లవాడు మన సమాజం వార్షికోత్సవంలో బిక్కమొగం వేసుకుని కూర్చుంటాడు. "అంత పెద్ద ఆపరేషను చేయించారు, ఏం లాభం?" అని పక్కవరుసలో ఒక పెద్దమ్మ అననే అంటుంది. తల్లి తల వంచుకుంటుంది. తప్పు పిల్లవానిదీ కాదు, తల్లిదీ కాదు, చాలామట్టుకు గోడలది.

ఎట్లాగంటారా? శబ్దాన్ని మెదడుకు అందించే లోపలి రోమకణాలు మామూలు చెవిలో సుమారు 3,500 ఉంటాయి. ఇంప్లాంటులో వాటి పని చేసే ఎలక్ట్రోడులు, తయారీని బట్టి, 12 నుంచి 22 మాత్రమే. గుమాస్తాలము గనుక మాకు తోచిన పోలిక చెబుతాము: మనం వినేది అసలు కాగితం, వారు వినేది ఆరవ కార్బన్ కాపీ. ఓపికగా చదివితే అర్థమవుతుంది. కాని దానిమీద ఎవరైనా రబ్బరు స్టాంపు గుద్దితే? అసలు కాగితమైతే స్టాంపు కిందనుంచి కూడా చదువుకోవచ్చు. ఆరవ కాపీ పని అంతే.

ఆ స్టాంపే మారుమ్రోత. నున్నని గోడకు కొట్టుకుని వెనక్కు వచ్చిన శబ్దం తరువాతి అక్షరం మీద పడుతుంది. "అటు" అన్నమాటకు, "అట్టు" అన్నమాటకు తేడా ఏమిటి? "ట్టు" పలికే ముందు క్షణకాలం ఎక్కువ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో "అ" తోక వచ్చి కూర్చుంటే తేడా మాయమవుతుంది. అటు వెళ్ళమంటే పిల్లవాడు అట్టు కోసం ఎదురుచూసినా ఆశ్చర్యం లేదు.

2011లో అమెరికాలో కొకినాకిస్, హజ్రతీ, లోయిజూ అనే ముగ్గురు పరిశోధకులు దీనిని పరీక్షించారు. మారుమ్రోత నిలిచే కాలాన్ని 0.3 సెకను నుంచి 1 సెకను దాకా పెంచుతూ పోతే, ఇంప్లాంటు వాడేవారికి అర్థమయ్యే మాటలు వేగంగా తరిగిపోయాయి. మారుమ్రోత ఎక్కువగా కలిసిన భాగాలను కంప్యూటరుతో కొట్టివేసి, మిగిలినదే వినిపిస్తే, నూటికి 60కి పైగా పాళ్ళు మెరుగు కనిపించింది. అయితే ఒక చిక్కు. ఏది మాట, ఏది మ్రోత అని తేల్చడానికి కంప్యూటరుకు అసలు మాట ముందే తెలిసి ఉండాలి. సభలో అట్లా కుదరదు గదా!

కనుక గది సంగతి చూడక తప్పదు. ఇదీ పాత విద్యే. 1895లో హార్వర్డులో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాసశాలలో శబ్దం అయిదున్నర సెకన్లు నిలిచేది. వాలెస్ సబైన్ అనే యువ ఉపాధ్యాయుడు పక్కనున్న శాండర్స్ నాటకశాలనుంచి కుర్చీల దిండ్లు మోయించి తెచ్చి, రాత్రివేళ ఊరు సద్దుమణిగాక ఒక్కొక్క వరుసే పరుస్తూ కొలిచాడు. దిండ్లు పెరిగినకొద్దీ మ్రోత తగ్గింది. చిన్న తరగతి గదులలో ఇది 0.6 సెకను మించరాదని ఇప్పుడు అమెరికా ప్రమాణం.

మనకు దిండ్లు మోసే పని లేదు. మందపాటి తెరలు, గోడలకు జంపఖానాలు, నేలమీద తివాచీ చాలా మేలు చేస్తాయి. పలుచని సిల్కు గుడ్డ అలంకారానికే సుమండీ. లౌడుస్పీకరు హెచ్చించడం శుద్ధ దండుగ. మాటతోపాటు మ్రోత కూడా హెచ్చుతుంది. (ఈ సంగతి మైకువారికి చెప్పి చెప్పి మా గొంతు పోయింది.) వక్త మెడలో తగిలించే చిన్న మైకు ఒకటున్నది. అది మాటను రేడియో ద్వారా నేరుగా పిల్లవాని పరికరానికే చేరుస్తుంది, గోడల జోలికి పోదు. అది లేనివారికి మొదటి వరుస, వక్త మొగం కనబడే చోటు ఇవ్వాలి. భోజనాల దగ్గర పదిమంది ఒక్కసారిగా పలకరించడం మాని, ఒక్కరే దగ్గరకు వెళ్ళి మాట్లాడాలి.

వచ్చే ఉత్సవానికి మంటపం మాట్లాడబోయే కార్యవర్గసభ్యులకు ఒక మనవి. అడ్వాన్సు ఇచ్చేముందు ఖాళీ మంటపం నడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టండి. అది ఎంతసేపు మోగుతుందో విని, ఆ తరువాతనే రసీదు అడగండి.