కాకి వాలిందా, పండు ముగ్గిందా?

తాటిచెట్టుపై కాకి వాలింది. అదే క్షణంలో పండు రాలింది. చూచినవాడు పండును కాకియే రాల్చిందనుకొన్నాడు. దీనినే మన పెద్దలు కాకతాళీయ న్యాయమన్నారు. నేను తెలుగు బోధించేవాడను. యంత్రశాస్త్రం నా విషయం కాదు. అయినను ఈ సంవత్సరం మన కంప్యూటరు ప్రయోగశాలలో జరిగిన ఒక సంఘటన ఈ న్యాయాన్ని నాకు మరల జ్ఞప్తికి తెచ్చింది.

డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని ప్రాజెక్టు నివేదిక సిద్ధం చేసుకొంటూ ఉండగా యంత్రం ఒక్కసారిగా ఆగిపోయింది. మరల నడిపితే నీలి తెర. మరికొంత సేపటికి అదే స్థితి. మూడు వారాల శ్రమలో సగం పోయింది. అంతటితో ఆగలేదు. "చివర ముట్టుకొన్నది ఎవరు?" అన్న ప్రశ్న పుట్టింది. జరిమానా మాట కూడ వినవచ్చింది. ఆ బాలిక కంట నీరు పెట్టుకొని నా గది ముందు నిలబడింది.

చివర ముట్టుకొన్నవారే చెడగొట్టినవారని తీర్మానించడం విచారణ కాదు. విచారణ చేయకుండా తప్పించుకొనే మార్గం. యంత్రం పదేపదే ఆగిపోవడానికి కారణాలు అనేకం. వాటిని ఒక క్రమంలో వెదకాలి.

మొదటిది లిఖితం. ఏ సమయంలో ఆగింది, అప్పుడు ఏ పని జరుగుతున్నది, నీలి తెరపై ఏ సంకేతం కనిపించింది అన్నవి వ్రాసి ఉంచాలి. విండోస్ తన చిట్టాలో "కెర్నెల్ పవర్ 41" అని వ్రాస్తే చాలామంది కారణం దొరికిందనుకొంటారు. యంత్రం సక్రమంగా మూతపడకుండా మరల మొదలైందని మాత్రమే దాని అర్థం. అది ఫలితమే కాని కారణం కాదు. ఎల్లప్పుడు ఒకే ప్రోగ్రాము నడిచేటప్పుడు ఆగితే ఆ ప్రోగ్రామును అనుమానించాలి. ఏది నడిపినా ఆగుతూ, సంకేతాలు మారుతూ ఉంటే పరికరాలను అనుమానించాలి.

రెండవది రక్షణ. ఏ పరీక్షకైనా ముందు డిస్కులోని వ్రాతలకు వేరొకచోట నకలు తీయాలి. చెడిపోతున్న డిస్కు ఎప్పుడు పూర్తిగా మూగబోతుందో ఎవరూ చెప్పలేరు.

మూడవది పరీక్ష. వేడి, మెమరీ, డిస్కు, విద్యుత్తు అందించే ఎస్.ఎం.పి.ఎస్. – ఈ నాలుగింటిని ఒకదాని తరువాత ఒకటిగా చూడాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగూ ఒకేసారి మారిస్తే యంత్రం బాగుపడవచ్చును గాని దోషమెక్కడో తెలియదు. ప్లగ్గు తీసిన తరువాతనే పెట్టె తెరవాలి. ఎస్.ఎం.పి.ఎస్.ను మాత్రం విప్పరాదు. ప్లగ్గు తీసినా దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతకాలం నిలిచి ఉంటుంది.

మేమూ ఈ క్రమాన్నే అనుసరించాము. పెట్టె తెరువగా ఫ్యాను రెక్కల నిండ దుమ్ము. శుభ్రం చేశాము. రెండు రోజులు చక్కగా నడిచింది. దోషం దొరికిందని నేనూ సంతోషించాను. మూడవ రోజున మరల ఆగింది! నా తొందరపాటు కూడ కాకిని నిందించడమే అయింది. అప్పుడు రెండు మెమరీ కార్డులను విడివిడిగా అమర్చి, ఒక్కొక్క దానితో రాత్రంతా పరీక్ష నడిపాము. ఒకదానిలో ఒక్క తప్పు లేదు. రెండవదానిలో తప్పులు వరుసగా కనిపించాయి. దానిని మార్చిన తరువాత యంత్రం మరల ఆగలేదు.

ఇది అరుదైన విషయం కాదు. గూగుల్ సంస్థ సర్వర్లపై జరిగిన ఒక పరిశీలన 2009లో వెలువడింది. ఏడాదిలో సుమారు 8 శాతం మెమరీ కార్డులలో కనీసం ఒక దోషమైనా కనిపించిందని అది తెలిపింది. ఆ సర్వర్లలో దోషాన్ని గుర్తించే ఏర్పాటు ఉంది. మన ప్రయోగశాలలోని సాధారణ యంత్రాలలో లేదు. కావున నింద మనుష్యులపై పడుతున్నది.

1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్ 2 యంత్రం తప్పుచేసినప్పుడు దానిని నడిపేవారు తెరచి చూచారు. ఒక రిలేలో చిమ్మట చిక్కుకొని ఉంది. దానిని తీసి దినచర్య పుస్తకంలో అతికించారు. తెరచి చూచుట, చూచినది వ్రాసి ఉంచుట – ఇదే శాస్త్రమంతా.

పాలక సంఘ పెద్దలకు నా మనవి మూడు మాటలు. ప్రతి యంత్రం ప్రక్కన ఒక రిజిస్టరు ఉంచండి. ప్రయోగశాలకు ఒక అదనపు మెమరీ కార్డు, ఒక ఎస్.ఎం.పి.ఎస్., నకళ్ళకు ఒక డిస్కు ఇప్పించండి. కారణం తేలనిదే ఏ విద్యార్థి నుండీ జరిమానా వసూలు చేయవద్దు.

విద్యార్థులారా! మరమ్మతు అన్న మాట ఉర్దూ నుండి వచ్చి తెలుగు మాట అయిపోయింది. మాటతో పాటు ఆ పని కూడ మనదైతే బాగుంటుంది. ఆ బాలిక నివేదికను తిరిగి వ్రాసి సమర్పించింది. కాని పోయిన దినాలను, ఆ నాడు ఆమె పడిన అవమానాన్ని ఏ కార్డు మార్చి తెచ్చి ఇవ్వగలం?