ఖాళీగానే ఉన్నావుగా!

"పేరెంట్స్ అటు గదిలో కూర్చోవాలమ్మా" అన్నాడు కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్, ఎంతో మర్యాదగా. చేతిలో ఉన్న అడ్మిషన్ కాగితం చూపించి "చేరేది నేనే బాబూ" అన్నాను. కాగితం వంక ఒకసారి, నెరిసిన నా పాపిడి వంక ఒకసారి చూసి గేటైతే తీశాడు గానీ, నమ్మినట్టు మాత్రం కనిపించలేదు.

నాకు నలభై మూడేళ్ళు. మాది నల్లగొండ. లెక్కలతో బి.ఎస్సి. పాసై, పెళ్ళి చేసుకుని, ఇరవై ఏళ్ళు ఇల్లు నడిపి, ఐసెట్ రాసి ఎం.సి.ఏ.లో చేరాను. ఆ పరీక్షకు పై వయసు పరిమితి లేదు. పరిమితి ఉన్నదల్లా మా వీధిలోనే.

"ఎందుకు వదినా గీ తిప్పలు? పిల్లగాడు ఇంజనీరింగ్ చదువుతున్నడు, రేపో మాపో కోడలొస్తది. గీ వయసుల నువ్వు కంప్యూటర్ ముంగట కూసుంటవా?" అంది పక్కింటి వదిన. ఆవిడను తప్పు పట్టను. అందరూ మనసులో అనుకున్నదే ఆవిడ పైకి అంది.

కానీ ఒక్క మాట అడుగుతాను. మా వీధి చివర ఒక గుమాస్తాగారు ఏబయ్యో ఏట ప్రమోషన్ కోసం డిపార్ట్‌మెంటు పరీక్షలు రాశారు. ఆ నెల రోజులూ వాళ్ళింట్లో టీవీ మోగలేదు. పిల్లలు మేనమామ ఇంటికి వెళ్ళారు. గంటగంటకూ ఆయన గదిలోకి టీ వెళ్ళింది. "ఈ వయసులో కూడా ఎంత పట్టుదల!" అని వీధంతా మెచ్చుకుంది. నా పరీక్షలప్పుడు మాత్రం ముగ్గురు చుట్టాలు దిగారు. "నీకేం, ఇంట్లో ఖాళీగానే ఉన్నావుగా, అప్పుడప్పుడూ పుస్తకం తిరగేస్తే సరి" అన్నారు. మగవాడికి పట్టుదల అయిన వయసు ఆడదానికి చాదస్తం ఎలా అయిందో నాకైతే బోధపడలేదు.

వయసొస్తే బుర్ర పనిచేయదంటారా? మొదటి నెల జావా క్లాసులో నాకొక్క ముక్క అర్థం కాలేదు, నిజమే. పక్కన కూర్చున్న ఇరవై రెండేళ్ళ అమ్మాయికీ అర్థం కాలేదు. ఆ పిల్లకు అర్థం కాకపోతే పాఠం కష్టమన్నారు, నాకు అర్థం కాకపోతే వయసన్నారు. అంతే తేడా!

అయ్యలసోమయాజుల లలితగారిని తలుచుకోండి. పదిహేనో ఏట పెళ్ళి, పద్ధెనిమిదో ఏట వైధవ్యం, ఒళ్ళో నాలుగు నెలల పాప. ఆ స్థితిలో మళ్ళీ చదువుకు వెళ్ళి, మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరై బయటకు వచ్చారు. భాక్రానంగల్ ప్రాజెక్టు పనిలోనూ ఆమె చెయ్యి ఉంది. తెలివి ఆమెదే. అయితే ఆమెను "చదువు" అన్న తండ్రి ఉన్నాడు, పాపను చూసుకునే మనుషులు ఉన్నారు. ఆ అండ కూడా లేకుండా నెగ్గుకొచ్చిన ఆవిడ జ్యోతిరెడ్డిగారు. వరంగల్ జిల్లాలో రోజుకు 5 రూపాయల కూలికి వెళ్ళిన ఇద్దరు పిల్లల తల్లి, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చదివి, 2000లో అమెరికా వెళ్ళి, ఫీనిక్స్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు. దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ అది. నేను పుట్టిన 1982లోనే మన హైదరాబాదులో వెలిసింది. అంటే వయసు మీరిన వాళ్ళకూ చదువు కావాలని సర్కారుకు నలభై ఏళ్ళ కిందటే తెలుసు. ఇళ్ళకే ఇంకా తెలియలేదు.

సర్కారుకు మాత్రం పూర్తిగా తెలిసిందా? ఫీజు రీయింబర్స్‌మెంటుకు వయసు పరిమితి ఉంది. మా అబ్బాయికి వచ్చేది నాకు రాదు. నా ఫీజు నా గాజులు కట్టాయి.

అసలు కోపం వచ్చింది మొన్న. కాలేజీకి ఒక కంపెనీ వారు ఉద్యోగాలివ్వడానికి వచ్చారు. రాత పరీక్ష గట్టెక్కాను. ఇంటర్వ్యూలో కుర్రవాడు, మా అబ్బాయికన్నా నాలుగేళ్ళు పెద్దేమో, "డిగ్రీ తర్వాత ఇరవై ఏళ్ళు ఖాళీ ఉంది, ఎందుకండీ?" అన్నాడు.

ఖాళీ! ఆ ఇరవై ఏళ్ళలో పక్షవాతం వచ్చిన అత్తమ్మను మూడేళ్ళు ఎత్తి కూర్చోబెట్టాను. కొడుకును ఇంజనీరింగ్ దాకా తెచ్చాను. మావారి జీతంలోనే ఇంటి అప్పు వాయిదా ఒక్కటి తప్పకుండా కట్టించాను. ఖాళీ అన్నది ఎలా ఉంటుందో నేనెరగను. ఇంట్లో వాళ్ళు పని చెప్పడానికి అదే మాట, బయటివాళ్ళు పని ఇవ్వకపోవడానికీ అదే మాట!

ఆ ఉద్యోగం రాలేదు. నలభై దాటి చదివితే కొలువు ఖాయమని మీకు అబద్ధం చెప్పను. 2023లో మహబూబ్‌నగర్‌లోనూ మా నల్లగొండలోనూ ఐటీ టవర్లు లేచాయి. హైదరాబాదు పోనక్కరలేదని సంతోషించాం. భవనం దగ్గరికి వస్తే చాలదు, తలుపు కూడా తెరవాలి కదా! పరీక్ష పెట్టండి, పని చేయించి చూడండి, రాకపోతే పంపేయండి. ఇల్లు నడిపిన ఏళ్ళకు సంజాయిషీ మాత్రం అడక్కండి. ఇక ఇంట్లో వాళ్ళను అడిగేది ఇంకా చిన్నది: గుమాస్తాగారికి ఇచ్చిన ఆ నెల రోజులు మాకూ ఇవ్వండి. టీ మేమే పెట్టుకుంటాం.

నిన్న సాయంత్రం పక్కింటి వదిన వచ్చి, అలవాటు కొద్దీ "ఖాళీయేనా వదినా?" అంది. "లేదు వదినా, రేపు ల్యాబ్ పరీక్ష" అన్నాను. వెళ్ళలేదు. గడప దగ్గరే కాసేపు నిలబడి, గొంతు తగ్గించి, "ఇంటర్ ఫెయిలైనోళ్ళకు గూడ ఏమన్న ఉంటదా వదినా?" అంది.

ఓపెన్ స్కూల్ ఉంది, దానికీ పై వయసు పరిమితి లేదు. పుస్తకం మూసి, కుర్చీ లాగాను.

"ఎందుకుండదు? రా, కూసో."