శనివారపు సంక్రాంతి

పండుగ ఎప్పుడని అడిగితే పూర్వం మన ఇళ్ళలో ఒకటే జవాబు. గూట్లో పంచాంగం ఉంది, తీసి చూడమనేవారు. పిల్లలు సముద్రాల అవతల ఉన్న ఇళ్ళలో ఇప్పుడు ఇంకో జవాబు కూడా వినిపిస్తున్నది: "వాళ్ళకు శనివారం నాడట!" ఆ 'అట'లో ఎంత నిష్ఠూరం ఉన్నదో విన్నవారికే తెలుసు. ధనుర్మాసం వచ్చిందంటే ఏలూరులో కొరియరు కొట్ల ముందు అరిసెల డబ్బాలతో తల్లులు బారులు తీరతారు. అందరిదీ ఇదే ఫిర్యాదు. భోగి బుధవారం వస్తే పిల్లలు శనివారం దాకా ఆగుతారు. దేవుడు సైతం వాళ్ళ ఆఫీసు సెలవు చూసుకుని రావలసిన గతి పట్టింది గదా అని!

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. జ్యోతిషం నా శాస్త్రం కాదు. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఉగాది వంటి పండుగను సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి నిర్ణయిస్తారు. ఏలూరులో తెల్లవారిన పది, పదమూడు గంటలకు గాని అమెరికాలో తెల్లవారదు. ఈలోగా తిథి మారిపోవచ్చు. అంచేత అక్షరాలా శాస్త్రప్రకారం చేసుకున్నా, ఒక్కొక్క ఏడు వాళ్ళ ఉగాది మనకన్న ఒకరోజు ముందే వస్తుంది. అక్కడి నగరాలకు విడిగా పంచాంగాలు గుణించేది ఇందుకే. శనివారం తిథి కాదు, ఒప్పుకుంటాను. కాని మన తేదీయే లోకానికంతటికీ తేదీ అన్న మాట కూడా నిలవదు.

ఇక పూజా ద్రవ్యాల సంగతి. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రులు కావాలి. వాటిలో దేవదారు ఒకటి. దేవదారు హిమాలయాల చెట్టు. మన ఏలూరు ఎండల్లో అదెక్కడ బతుకుతుంది చెప్పండి! అయినా ఏటా మా ఇంట్లో దేవదారు పత్రం పేరు చదవడం మానలేదు. బజార్లో కొన్న పత్రి కట్టలోంచి చేతికి తగిలిన ఆకు వేసి దణ్ణం పెట్టుకోవడమూ మానలేదు. మరి సియాటిల్‌లో ఉన్న మన ఇల్లాలు మారేడు దొరక్క పెరట్లో మొలిచిన ఏదో ఆకు వేస్తే తప్పుపట్టే అధికారం మనకేదీ? పైగా ఆ ఊళ్ళో దేవదారును అందం కోసం వీధుల వెంట పెంచుతారు. ఆ ఒక్క పత్రం దగ్గర ఆవిడే మనకన్న శాస్త్రానికి దగ్గర!

సముద్రం దాటిన తెలుగు పండుగ నిన్న మొన్నటిది కాదు. 1830ల నుంచే మన కోస్తా జనం చెరకు తోటల్లో కూలికి మారిషస్ ద్వీపానికి ఓడలెక్కేరు. గోదావరి మొగ దగ్గర కోరంగి రేవు నుంచి వెళ్ళినవారు గనుక అక్కడ వాళ్ళకు 'కోరంగీ'లన్న పేరు వచ్చింది. ఒప్పందపు కూలివాడికి పంచాంగం చూసి సెలవిచ్చే దొర ఎక్కడుంటాడు? పగలల్లా తోట, పొద్దుపోయాక రామభజన. సింహాద్రి అప్పన్నను, అమ్మోరును తమతోనే తీసుకుపోయేరు. తరాలు గడిచేసరికి చాలా ఇళ్ళలో మాట క్రియోల్ అయిపోయింది. రామభజన మాత్రం తెలుగులో మిగిలింది. ఈనాడు ఆ దేశంలో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగేయి. ఇంట్లో మాట పోయి, పండుగలో పాట మిగలడం నాబోటి తెలుగు మేష్టరుకు సంతోషించవలసిన సంగతో, దిగులుపడవలసిన సంగతో ఇప్పటికీ తేల్చుకోలేను. ఒకటి మాత్రం నిజం. పండుగ లేకపోతే ఆ పాట కూడా మిగిలేది కాదు.

అమెరికా వెళ్ళినవారిది వేరే కథ. చదువుకుని, విమానమెక్కి వెళ్ళినవారు. 'తానా' మొదటి మహాసభ 1977లోనే జరిగింది. రెండేళ్ళకోసారి జరిగే ఆ సభలు చాలామాట్లు జూలై 4 సెలవుల చుట్టూనే ఉంటాయి. ఏ పంచాంగంలోనూ లేని తెలుగు పండుగ అది! దానికి నాకేమీ అభ్యంతరం లేదు. నాకు గిట్టనిది ఇంకొకటి ఉంది. హాలు అద్దెకు తీసుకుని, భోజనం హోటలుకు పురమాయించి, పిల్లలచేత సినిమా పాటకు నాట్యం చేయించి, ఫోటోలు దిగి ఇళ్ళకు పోవడం. దాన్ని వార్షికోత్సవం అనండి, ఒప్పుకుంటాను. పిల్లవాడి చేతికి పిండి అంటనిదీ, నోటికి ఒక తెలుగు ముక్క రానిదీ పండుగ ఎల్లా అవుతుంది? ఈ జాడ్యం హైదరాబాదులోనూ ఉంది, మా ఏలూరులోనూ లేకపోలేదు.

మా అక్కయ్యది తాడేపల్లిగూడెం. మేనకోడలు డల్లాస్‌లో ఉంటుంది. బావగారు పోయిన తరవాత వచ్చిన మొదటి సంక్రాంతికి తల్లీకూతుళ్ళకు ఫోనులో పెద్ద వాదమే జరిగింది. మా వైపు సంక్రాంతి అంటే పెద్దల పండుగ గదా. పోయినవారికి కొత్తబట్టలు పెట్టి, పేరు చెప్పుకుని దణ్ణం పెట్టుకుంటాం.

"శనివారమేవిటే! నీ తీరిక కోసం పెద్దలు గుమ్మంలో పడిగాపులు పడి ఉంటారా?" అన్నది అక్కయ్య.

"నాన్నకు తెలుసులేవే అమ్మా, నాకు శనివారం దాకా సెలవు దొరకదని," అన్నది మేనకోడలు.

ఆ శనివారం అది తన ఏడేళ్ళ కొడుకుచేత ఒక కాగితం చదివించింది. తాత పేరు, ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, వాళ్ళ ఇల్లాళ్ళ పేర్లు. అన్నీ తెలుగులో, వాడు స్వయంగా రాసుకున్నవి. ఆ కాగితం కోసమే మూడు నెలలపాటు అక్షరాలు దిద్దేడట. ముత్తాత పేరులో ద్విత్వం దగ్గర తడబడితే ఫోనులోంచి అక్కయ్య దిద్దింది. ఈ పేర్లు చదవడమన్నది మా ఇంట్లో ఇదివరకు లేని ఆచారం. ముత్తాత తండ్రి పేరు నాకే తెలియదు. అక్కయ్య పాత కాగితాలు వెతికి చెప్పింది. ఇప్పుడు గూడెంలో కూడా చదువుతున్నారు, తిథి నాడే!

ఇంతా చేసి, శనివారం కూడా లేనివాళ్ళున్నారు. మన గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్ళి, అరబ్బుల ఇళ్ళలో వంటా పనీ చేసే ఆడవాళ్ళు వాళ్ళు. పండుగ పేరుతో హాలు అద్దెకు తీసుకునే తాహతూ లేదు, గడపదాటే తీరికా లేదు. కొల్లేటికోటలో ఫాల్గుణమాసంలో పెద్దింట్లమ్మ జాతర జరిగితే, పనులన్నీ ముగిశాక ఆ రాత్రి ఇంటివాళ్ళు పంపిన ఫోటోలు చూసుకోవడమే వాళ్ళ జాతర.

కొల్లేటి గట్టున ఉన్న ఊరినుంచి మా కాలేజీకి వచ్చే అమ్మాయి ఒకతె, ఆగస్టు నెలలో మూడురోజుల సెలవు కావాలని చీటీ తెచ్చింది. కారణం దగ్గర 'సంక్రాంతి' అని రాసి ఉంది. పరాచికం కాబోలు అనుకుని మొహంకేసి చూశాను.

"మా అమ్మ కువైట్ నుంచి వస్తోందండీ. రెండేళ్ళకోసారి సెలవిస్తారు. ఆవిడ వచ్చినప్పుడే మాకు సంక్రాంతండీ. ముగ్గులు, అరిసెలు అన్నీను. భోగిమంట మాత్రం వాన లేకపోతేనే," అన్నది.

చీటీ మీద సంతకం చేశాను. నాలుగోనాడు క్లాసుకు వచ్చినప్పుడు, మంట వేశారా అని అడిగేను.

"వానేనండీ," అన్నది. "పశువుల పాకలో వేసుకున్నాం."