లంబసింగి దారిలో కాసేపు బండి ఆపండి!

మంచు చూడ్డానికి బయల్దేరిన అన్నలారా, అక్కలారా, కాలేజీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ!

డిసెంబరు వచ్చిందంటే శనివారం అర్ధరాత్రి నుంచే నర్సీపట్నం దాటి కార్లు, బైకులు బారులు తీరుతాయి. తెల్లారేసరికి లంబసింగి. చలిమంట, వేడి టీ, పొగమంచులో నాలుగు ఫొటోలు. ఎండెక్కగానే తిరుగుముఖం. మంచు చూడండి, వద్దనం. ఆరుబయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. ఆ చలి ఒక్కసారైనా తగలాల్సిందే. కానీ మీరు ఎక్కివచ్చిన ఈ దారి కథ మీకెవరైనా చెప్పారా?

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించింది తెల్లదొరల సర్కారు. దగ్గరుండి చేయించినవాడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. కొండ తవ్వింది, రాళ్లు మోసింది మన్యం జనం. చేసిన పనికి సరైన కూలి లేదు, నోరెత్తితే వేధింపులు. 1882 నాటి అటవీ చట్టం అప్పటికే పోడుకు అడ్డుపడి, అడవిలో పుట్టినవాణ్ణి అడవికే దొంగను చేసింది. బట్టిపనుకుల మునసబు గాం గంటం దొర ఈ బాస్టియన్ వల్లే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ గంటం దొర, తమ్ముడు మల్లు దొర, వాళ్లతో కలిసిన పాతికేళ్ల అల్లూరి సీతారామరాజు. కడుపు మండిన జనం వాళ్ల వెనక నడిచింది.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు! దక్కినవి 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు. ఏమేం పట్టుకెళ్తున్నదీ రాజు స్వయంగా రాసిపెట్టి మరీ వెళ్లాడు. దొంగతనంగా కాదు, చెప్పి తీసుకెళ్లాడు! నెల తిరిగేసరికి, సెప్టెంబరు 24న, దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు నేలకూలారు. అణచడానికి సర్కారు మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను దించింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు ఇంకా 27 నిండలేదు.

ఆ రాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. గంటం దొర కూడా అక్కడే నిద్రపోతున్నాడు. నర్సీపట్నం నుంచి ఇంకో దారి పట్టుకుంటే చాలు. సినిమాలో ఆయన్ను చూసి ఈలలు వేసిన మనం, ఆయన పడుకున్న చోట ఒక్క పువ్వు పెట్టకుండా పక్కదారిన వెళ్లిపోవడం న్యాయమేనా?

మల్లు దొర సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఆయన్ను పట్టుకుని అండమాన్ జైలుకు పంపారు. బతికి తిరిగొచ్చాడు. 1952లో స్వతంత్ర భారతదేశపు మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి గెలిచి వెళ్లాడు. అండమాన్ ఖైదీ పార్లమెంటులో కూర్చున్నాడు! ఇలాంటి మనిషి ఏ ఊరివాడో ఆ ఊరి నేల మీద నిలబడి చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు.

అరకు వెళ్లేవాళ్లకూ ఒక మాట. రైల్వే స్టేషన్‌కు దగ్గర్లోనే 1996లో పెట్టిన గిరిజన మ్యూజియం ఉంది. నిలువెత్తు బొమ్మల్లో దింసా ఆట, వంటిల్లు, వేట. పక్కన కొండ జనం వాడిన నగలు, పనిముట్లు. పది నిమిషాల్లో చుట్టేసి బయటికి రాకండి. ఒక్కో వస్తువు ముందు ఆగి, అది దేనికో, ఎలా చేశారో అడగండి. ఆ తరువాత సంతకు వెళితే, అక్కడ కూర్చున్న అవ్వ మీకు ఫొటో తీసుకునే బొమ్మలా కనిపించదు.

మేమడిగేది ఒక్క పూట. మంచు విడిపోయాక బండి ఎలాగూ దిగువకే కదా. దిగే ముందు చింతపల్లి దాకా వెళ్లండి, నాటి పోలీస్ స్టేషన్ ఎక్కడుండేదో పెద్దవాళ్లను అడగండి. కృష్ణదేవిపేటలో చెప్పులు విడిచి ఒక నిమిషం నిలబడండి. గోడల మీద పేర్లు గీకకండి, సీసాలు వదలకండి. ఊళ్లో మనిషిని ఫొటో తీసేముందు అడగండి. జనం రాని చోట తలుపుకు తాళం పడుతుంది, గడప దాకా గడ్డి పెరుగుతుంది. మీరు వస్తే ఊడ్చేవాళ్లుంటారు, చెప్పేవాళ్లుంటారు, ఆ చెప్పడం మీద నాలుగు కుటుంబాలు బతుకుతాయి.

టీచర్లకు ప్రత్యేకంగా చేతులు జోడించి అడుగుతున్నాం. ఈసారి విహారయాత్రకు బస్సు మాట్లాడేటప్పుడే డ్రైవరుకు కృష్ణదేవిపేట పేరు కూడా చెప్పండి.

ఈ కాగితం ఘాట్‌లో పారేయకండి. చదివాక వెనక బండివాళ్ల చేతిలో పెట్టండి.