డాక్టరు రిజిస్ట్రేషన్ పోయినా రోగి ఒంటరి కాకూడదు



బీపీకో మోకాళ్ల నొప్పులకో చూసే డాక్టరు మారితే కొంచెం విసుక్కుంటాం, రెండు నెలల్లో కొత్త డాక్టరుకు అలవాటు పడతాం. మానసిక వైద్యుడి సంగతి అలా కాదు. యాలాల్ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తండాల నుంచి తాండూరుకో వికారాబాద్‌కో బస్సెక్కి, అక్కడ కుదరకపోతే రైలెక్కి హైదరాబాద్ దాకా పోయి చూపించుకునే కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. అడిగినవాళ్లకు "కండ్ల డాక్టరు దగ్గరికి" అని చెప్పి పోయేవాళ్లూ ఉన్నారు. అంత దాచుకున్న బాధను ఒక్క మనిషి ముందు విప్పుతారు. భర్తకు, తల్లికి, పాస్టరుగారికి కూడా చెప్పని మాట ఆ డాక్టరుకు చెబుతారు.

అటువంటి డాక్టరు పేరును మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులోంచి తీసేశారని ఒక ఉదయం తెలిస్తే ఆ రోగి ఏం కావాలి? ఈ సంచికలో మా మాట దీని మీదే.

మా అభిప్రాయం ముందే చెబుతున్నాం. ఆ డాక్టరు వల్ల మీకు జరిగిన మేలు నిజమే కావచ్చు. ఆయన మీద తీసుకున్న చర్య కూడా న్యాయమే కావచ్చు. ఈ రెండింటిలో ఒకటి అబద్ధమని మీరు తేల్చుకోనక్కరలేదు. మీరు చేయకూడనిది ఒక్కటే: వైద్యం ఆపడం.

రెండు మనసులు తప్పు కాదు

ఇలాంటప్పుడు రోగుల నోట అన్ని రకాల మాటలూ వస్తాయి. "నన్ను బతికించిన మనిషి, ఎవరో ఓర్వక చేయించిండ్రు" అని ఒకరు అంటారు. "నేను చెప్పుకున్న ముచ్చట్లన్నీ ఎవరి చేతిలో పడతయో" అని ఇంకొకరు భయపడతారు. "ఇన్నేండ్లు మింగిన గోలీలన్నీ ఉత్తయేనా" అని ఒకరు, "ఇగ ఎవర్ని నమ్మాలె" అని మరొకరు. కోపం, జాలి, సిగ్గు, కృతజ్ఞత ఒకే మనిషిలో ఒకే పూట కనబడతాయి. మాకు తెలిసినంతలో ఇది ఇంట్లో మనిషి పోయిన దుఃఖం లాంటిదే. తేడా ఏమిటంటే, ఈ దుఃఖానికి పరామర్శకు వచ్చేవాళ్లు ఉండరు. ఆ డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే ఎవరికీ తెలియదు కదా!

కొందరికి లోపల ఎక్కడో "హమ్మయ్య" అనిపిస్తుంది. ఏదో సరిగా లేదని తమకు ఎప్పుడో అనిపించింది, చెప్పే ధైర్యం లేకపోయింది. వాళ్లూ తప్పు చేసినట్టు తలవంచుకోనక్కరలేదు.

రిజిస్ట్రేషన్ అంటే ఏమిటి?

మనం లైసెన్సు అంటున్నాం గానీ, మన దేశంలో అది రిజిస్ట్రేషన్. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఉంటేనే డాక్టరు మందు రాయాలి. నర్సులమైన మేము కూడా నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైతేనే సూది పట్టుకుంటాం. ఆ రిజిస్టరు డాక్టరుకో నర్సుకో ఇచ్చిన బిరుదు కాదు. రోగికి ఇచ్చిన హామీ.

2002 నాటి వైద్యుల ప్రవర్తనా నిబంధనల ప్రకారం, తప్పు రుజువైతే కౌన్సిల్ ఒక డాక్టరు పేరును కొంతకాలానికి గానీ పూర్తిగా గానీ తొలగించవచ్చు. దొంగ సర్టిఫికెట్టు ఇవ్వడం, రోగితో తప్పుగా ప్రవర్తించడం, రోగి రహస్యాలు బయటపెట్టడం ఆ తప్పుల్లో ఉన్నాయి. కాబట్టి వార్త వినగానే "ఎందుకు, ఎంత కాలానికి" అని అడగండి. కాగితం రెన్యువల్ కాకపోవడం వేరు, రోగి మీద చేయి వేయడం వేరు. రెండింటినీ ఒకే తూకంలో వేస్తే డాక్టరుకూ అన్యాయం, బాధితులకూ అన్యాయం.

దూరపు ఊళ్ల నుంచి రెండు సంగతులు

మన వైపు ఇలాంటివి బయట మాట్లాడుకోరు. అందుకని లోకానికంతా తెలిసిన రెండు సంగతులు చెబుతాం.

న్యూయార్క్‌లో ఐజాక్ హెర్ష్‌కాఫ్ అనే పేరున్న మానసిక వైద్యుడు ఉండేవారు. 1981లో ఒక వ్యాపారి ఆయన దగ్గర చేరి, దాదాపు ముప్పై ఏళ్లు ఆయన చెప్పినట్టే నడిచారు. సొంత చెల్లెలితో మాటలు మానేశారు. ఆయన విశ్రాంతి ఇంట్లో డాక్టరే యజమానిలా మెలిగారు. చివరికి ఆ రోగి 2012లో ఫిర్యాదు చేశారు. 2019లో ఒక జర్నలిస్టు ఈ కథను పాడ్‌కాస్టుగా బయటపెట్టాక, 2021లో గానీ న్యూయార్క్ రాష్ట్రం ఆ డాక్టరు లైసెన్సు తీసేయలేదు. వ్యాపారం నడిపే తెలివైన మనిషే అన్నేళ్లు నమ్మాడంటే, నమ్మినందుకు మనం సిగ్గుపడనక్కరలేదు. జబ్బుతో ఉన్నవాళ్లు ఆసరా వెతుక్కుంటారు. ఆసరాను దుర్వినియోగం చేసినవాడిదే తప్పు.

రెండోది బ్రిటన్‌లోది. జోలియా అలేమి అనే ఆమె న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీ పేరుతో దొంగ డిగ్రీ చూపించి 1995లో రిజిస్టరులో చేరారు. ఇరవై ఏళ్లకు పైగా మానసిక వైద్యురాలిగా పనిచేశారు. ఒక వృద్ధ రోగి వీలునామాను ఫోర్జరీ చేసిన కేసులో 2018లో శిక్ష పడింది. ఆ తర్వాతే డిగ్రీ సంగతి బయటపడింది. 2023లో మాంచెస్టర్ కోర్టు ఏడేళ్ల జైలు వేసింది. ఆమె చూసిన రోగులకు మిగిలిన ప్రశ్న ఊహించండి: "నాకు ఉందన్న జబ్బు అసలు ఉందా?" ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ దానికి జవాబు ఇంకో అర్హతగల డాక్టరు చెప్పాలి. పక్కింటివాళ్లు చెప్పేది కాదు, మనకు మనం ఊహించుకునేది కాదు.

మందు మాత్రం ఆపవద్దు

మాకు అన్నింటికన్నా భయం ఇక్కడే. "డాక్టరే దొంగైతే మందు మాత్రం మంచిదా" అని ఇంట్లో పెద్దవాళ్లు స్ట్రిప్పులు తీసి పారేస్తారు. డాక్టరు తప్పు చేస్తే మందు తప్పైపోదు. లిథియం ఒక్కసారిగా ఆపితే ఉన్మాదం త్వరగా తిరగబెట్టవచ్చు. ఆల్ప్రాజొలామ్, క్లోనాజెపామ్ లాంటి మాత్రలు చాలాకాలం వాడి హఠాత్తుగా మానితే నిద్ర పోతుంది, చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. నెలకో రెండు వారాలకో వేయించుకునే సూది తప్పిపోతే వెంటనే ఏమీ కనబడదు. కొన్ని వారాలకో నెలలకో జబ్బు మళ్లీ తలుపు తడుతుంది. అప్పటికి అందరూ కారణం మరచిపోతారు.

ఇంకో పక్క, కొందరు అభిమానం కొద్దీ రహస్యంగా ఆ డాక్టరు ఇంటికే వెళ్లి చీటీ రాయించుకుంటారు. అదీ వద్దు. రిజిస్టరులో పేరు లేనివారు మందు రాయకూడదు. పాత చీటీ చూపించి దుకాణంలో ఏళ్ల తరబడి అవే మాత్రలు తెచ్చుకోవడమూ ప్రమాదమే. లిథియం వాడేవారికి రక్తపరీక్ష ఎవరు చూస్తారు? డోసు ఎవరు సరిచేస్తారు?

చేయవలసినవి ఇవి. మిగిలిన మాత్రలు లెక్కపెట్టుకోండి, అవి అయిపోకముందే ఇంకో డాక్టరును కలవండి. వికారాబాద్, తాండూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్యం ఓపీ ఏ రోజు ఉంటుందో ముందే కనుక్కుని వెళ్లండి. జబ్బు ఎక్కువగా ఉంటే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి ఉంది. స్ట్రిప్పులు, చీటీలు, పరీక్షల కాగితాలు ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి-మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు.

మీ కాగితాలు అడిగి తీసుకోండి. 2002 నిబంధనల ప్రకారం రోగి కోరితే 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలి. వాటిని మూడేళ్లు దాచాలనే నియమం ఉంది గనుక ఆలస్యం చేయకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మీ రికార్డు చూసుకునే హక్కును, మీ సంగతులు గోప్యంగా ఉంచుకునే హక్కును మీకు ఇచ్చింది. డాక్టరు రిజిస్ట్రేషన్ పోయినంత మాత్రాన మీ రహస్యాలు బజారున పడవలసిన పని లేదు.

ఫిర్యాదు చేసినవారిని నిందించవద్దు

ఇది మా సంఘ కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పాలి. మంచి పేరున్న డాక్టరు మీద చర్య తీసుకున్నారంటే, చాలాసార్లు ఎవరో ఒక రోగి నోరు విప్పి ఉంటారు. ఆమె స్త్రీ అయితే ఊరు ముందు ఆమెనే అడుగుతుంది: "నువ్వెందుకు ఒక్కదానివే పోయినవ్?" మేలు పొందిన రోగులు కూడా "మా డాక్టరును పోగొట్టింది" అని ఆమె మీద కోపం పెంచుకుంటారు. మీ బాధ మాకు అర్థమవుతుంది. కానీ మీ డాక్టరును పోగొట్టింది ఆమె కాదు. విచారణలో రుజువైన ఆ తప్పు పోగొట్టింది.

"క్షమించాలి కదా" అనే మాట కూడా వినబడుతుంది. క్షమించడం వేరు, రోగులను మళ్లీ ఆయన చేతికి అప్పగించడం వేరు. మొదటిది బాధపడినవారి ఇష్టం, వారి సమయం. రెండోది కౌన్సిల్ తేల్చవలసిన విషయం. ఇంకొక విన్నపం: ప్రార్థన మనవుల్లో ఎవరి మానసిక జబ్బునూ, ఎవరి ఫిర్యాదునూ వారి అనుమతి లేకుండా పేరు పెట్టి చదవకండి. ప్రేమతోనే చదివినా ఆ కుటుంబం మరుసటి ఆదివారం గుడికి రాదు.

ఆసుపత్రులకు ఒక మాట

పేరు తొలగించిన సంగతి స్థానిక పేపర్లలో ప్రకటించాలని నిబంధన ఉంది. పేపరు చదవని రోగి సంగతేమిటి? ఓపీ గదికి తాళం వేసి "డాక్టరుగారు లీవులో ఉన్నారు" అని కాగితం అంటించడం రోగులను మోసం చేయడమేనని మా అభిప్రాయం. ఏ ఆసుపత్రిలో ఇలా జరిగినా, రిజిస్టరు తీసి, ఆ వారంలోనే ప్రతి రోగికి ఫోను చేయాలి. మీ డాక్టరు ఇక చూడరు, ఫలానా రోజు ఫలానా డాక్టరు చూస్తారు, మందు ఆపకండి అని మూడు మాటలు చెప్పాలి. వచ్చిన రోగి ఏడ్చినా, తిట్టినా, పొగిడినా వినడానికి ఒక నర్సును కూర్చోబెట్టాలి. వాదించకూడదు, సర్దిచెప్పకూడదు, వినాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు, ఒక కుర్చీ, ఒక మనిషి చాలు.

కొత్త డాక్టరును మొదటి రోజే నమ్మమని మేము అనం. నమ్మకం మెల్లగా వస్తుంది, రానివ్వండి. "నా పాత డాక్టరు మీద నాకింకా అభిమానం ఉంది" అని కొత్త డాక్టరుకే చెప్పండి. మంచి డాక్టరు ఆ మాటకు నొచ్చుకోరు. మీకే ఏదైనా తప్పు జరిగి ఉంటే, అది ఎన్నేళ్ల కిందటిదైనా సరే, మా నర్సుల గదికి వచ్చి చెప్పండి. కౌన్సిల్‌కు అర్జీ రాయాలా వద్దా అన్నది మీ నిర్ణయం. రాయాలనుకుంటే పక్కన కూర్చుని సాయం చేస్తాం.

నర్సింగ్ విభాగం తరఫున,
నర్సింగ్ సూపరింటెండెంట్